మొదటి ఓడ ఎక్కబోతున్న డెక్ క్యాడెట్‌కు: గ్యాంగ్‌వే ఎక్కిన రోజు నుంచి దిగే రోజు దాకా

మొదటి ఓడ ఎక్కబోయే పిల్లలు నాకు ఫోను చేసి ఎక్కువగా అడిగేది బ్యాగులో ఏం సర్దుకోవాలని. దానికి జవాబు చెబుతాను. అయితే వాళ్లు అడగని ప్రశ్న ఒకటుంది, నాకు అదే ముఖ్యమనిపిస్తుంది: ఓడలో నాకు పని నేర్పేది ఎవరు? కాలేజీలో గంట కొడితే మాస్టారు వస్తారు. ఓడలో ఎవరూ రారు. సరుకు ఓడలో మొత్తం సిబ్బంది ఇరవై పాతిక మంది, ఎవరి పని వాళ్ల నెత్తిన ఉంటుంది. మీ శిక్షణ చూడాల్సిన అధికారి ఒకరు ఉంటారు కానీ ఆయనకూ కాపలా వేళలు, సరుకు లెక్కలు, తనిఖీలు తప్పవు. అందుకే వెంటపడి అడిగిన క్యాడెట్ నేర్చుకుంటాడు. అడగనివాడు నెలల తరబడి తుప్పు గీకి, అంతే తెలిసి ఇంటికి వస్తాడు. ఈ రెండు రకాల వాళ్లనూ చూశాను. మీరు మొదటి రకంలో ఉండాలనే ఇదంతా రాస్తున్నాను.

నేను చెప్పేది సరుకు ఓడల్లో డెక్ క్యాడెట్ గురించి, అంటే ఓడ నడిపే అధికారి కావడానికి శిక్షణలో ఉన్నవాళ్ల గురించి. అందులోనూ నాకు బాగా తెలిసిన బల్క్ క్యారియర్ల గురించి, అంటే బొగ్గు, ధాన్యం, ఖనిజాల్లాంటివి విడిగా పోసుకుని మోసే ఓడల గురించి. ఇంజిన్ క్యాడెట్ పని వేరు, దాని జోలికి పోను.

మొదటి అడుగు: కాగితాలు, కళ్లు, ఏజెంట్లు

ఇంటర్‌లో లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివినవాళ్లు ఇండియన్ మారిటైం యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష రాసి ఈ దారిలోకి వస్తారు. నాటికల్ సైన్స్ డిప్లొమా ఏడాది చదువు, ఆ తర్వాత 18 నెలల సముద్ర శిక్షణ. మూడేళ్ల బీఎస్సీ చేసినవాళ్లకు సముద్ర శిక్షణ 12 నెలలు. ఫీజు కట్టకముందే, నౌకాయానాన్ని చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీ షిప్పింగ్ ఆమోదించిన వైద్యుడి దగ్గర కంటి పరీక్ష చేయించుకోండి. డెక్ విభాగానికి రంగులు స్పష్టంగా గుర్తుపట్టగలగడం తప్పనిసరి. రాత్రి సముద్రంలో ఎదుటి ఓడ ఎటు పోతోందో చెప్పేది దాని ఎర్ర, పచ్చ దీపాలే. అప్పు చేసి ఫీజు కట్టాక ఈ లోపం బయటపడితే ఆ ఇంటి బాధ ఎలా ఉంటుందో నేను దగ్గర నుంచి చూశాను.

చేతిలో ఉండాల్సినవి: పాస్‌పోర్టు, నావికుడిగా నమోదైనప్పుడు ఇచ్చే ఇండోస్ నంబరు, నావికుడి గుర్తింపు పుస్తకమైన సీడీసీ, ప్రాథమిక భద్రతా కోర్సుల సర్టిఫికెట్లు, వైద్య ధ్రువపత్రం, ఎల్లో ఫీవర్ టీకా కార్డు. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ ఆ కార్డు చెల్లదు, కాబట్టి ప్రయాణం ఖరారయ్యేదాకా ఆగకండి. అన్నింటికీ రెండేసి నకళ్లు తీయించి, ఒక సెట్టు ఇంట్లో ఇచ్చి వెళ్లండి.

ఇక ఏజెంట్ల సంగతి. నావికులను ఓడలకు పంపే కంపెనీకి డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు ఉండాలి. ఆ జాబితా డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి నుంచి డబ్బు తీసుకోవడం చట్టవిరుద్ధం. 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడిక చెప్పేదీ ఇదే, దాన్ని మన దేశం 2015లో ఆమోదించింది. ‘ఇన్ని లక్షలు కడితే వారంలో ఓడ’ అని ఎవరైనా అన్నారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. అలా డబ్బు కట్టినవాళ్లు పేరూ ఊరూ లేని పాత ఓడల్లో జీతం లేకుండా చిక్కుకుపోయిన ఉదంతాలు ఉన్నాయి. పొలం అమ్మి కట్టిన డబ్బు తిరిగి రాదు, ఆ ఓడలో చేసిన నెలలు శిక్షణ లెక్కలోకి కూడా రాకపోవచ్చు.

బ్యాగులో ఏముండాలి

బాయిలర్ సూట్, సేఫ్టీ బూట్లు, హెల్మెట్ సాధారణంగా కంపెనీయే ఇస్తుంది. బూట్ల కొలత ముందే సరిగ్గా చెప్పండి. బిగుతు బూట్లతో మొదటి నెల నరకమే. నూలు లోదుస్తులు, మందపాటి మేజోళ్లు ఎక్కువ పెట్టుకోండి. ఒక మంచి టార్చి, చేతికి గడియారం, జేబులో పట్టే గట్టి అట్ట నోటుబుక్కులు అరడజను, పెన్సిళ్లు. నూనె చేతులతో తడిలో రాయాలంటే పెన్ను కన్నా పెన్సిలే నయం. మీకు అలవాటైన మందులుంటే చీటీతో సహా తీసుకెళ్లి, ఎక్కిన రోజే చూపించండి. ఆవకాయ తీసుకెళ్లండి, వద్దనను. కానీ ఆస్ట్రేలియా లాంటి చోట్ల విమానాశ్రయంలో తినుబండారాలు దాచకుండా ప్రకటించాలి, లేకపోతే జరిమానా పడుతుంది.

ఇంట్లో ఉన్న రోజుల్లో చేయదగ్గ పని ఇంకొకటి. విశాఖ దగ్గర్లో ఉంటే చీకటి పడ్డాక ఆర్కే బీచ్‌లో కూర్చుని, బయట లంగరు వేసి ఎదురుచూస్తున్న ఓడల దీపాలు చదవండి. యాభై మీటర్లు, అంతకు మించిన పొడవున్న ఓడ లంగరు మీద ఉంటే ముందు ఒక తెల్ల దీపం, వెనక దానికన్నా కిందుగా ఇంకొకటి వెలిగించాలి. వంద మీటర్లు, ఆపైన ఉంటే డెక్ దీపాలూ వెలగాలి. ఏది ముందు భాగమో, ఏది వెనకో ఆ రెండు దీపాల ఎత్తును బట్టి చెప్పగలిగితే, సముద్ర మార్గ నియమాల్లో 30వది మీకు పుస్తకం లేకుండానే వచ్చినట్టు.

మొదటి ఇరవై నాలుగు గంటలు

గ్యాంగ్‌వే, అంటే ఓడలోకి ఎక్కే మెట్ల దారి, ఎక్కేటప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ రెయిలింగు మీద ఉండాలి. పెద్ద బ్యాగును తాడుతో పైకి లాగించుకోవచ్చు, సిగ్గుపడకండి. పైన కాపలా మనిషి మీ గుర్తింపు చూసి పుస్తకంలో రాస్తాడు. కొన్నాళ్లకు ఆ కాపలా మీ వంతు అవుతుంది, కాబట్టి అతను ఏం అడిగాడో గమనించండి.

కెప్టెన్‌కు కాగితాలు అప్పగించి, చీఫ్ ఆఫీసర్‌ను కలిశాక, మంచం మీద వాలకముందు మూడు పనులు చేయండి. మస్టర్ జాబితాలో మీ పేరెక్కడుందో, ప్రమాదం వస్తే మీ పనేమిటో చదవండి. ఏడు పొట్టి, ఒక పొడుగు కూత వినిపిస్తే చేరాల్సిన చోటికి మీ గది నుంచి ఒకసారి నడవండి, తర్వాత వేరే మెట్ల మీదుగా మరోసారి నడవండి. లైఫ్ జాకెట్, చల్లని నీళ్లలో ఒంటిని కాపాడే ఇమ్మర్షన్ సూట్ బయటకు తీసి ఒకసారి తొడిగి చూడండి. పొగ నిండిన చీకటి వరండాలో మనకు దారి చూపేది కాళ్లకున్న జ్ఞాపకమే.

మర్నాడు మూడో అధికారి ఓడంతా తిప్పి చూపిస్తారు. ప్రాణరక్షణ, అగ్నిమాపక సామగ్రి సాధారణంగా ఆయన చేతిలోనే ఉంటుంది. రెండో అధికారి దారి పటాలు, ప్రయాణ ప్రణాళిక చూస్తారు. చీఫ్ ఆఫీసర్‌ది సరుకు, ఓడ నిలకడ, డెక్ నిర్వహణ. మీ రోజువారీ పని ఆయన చెప్పినట్టు, డెక్ సిబ్బందికి మేస్త్రీ లాంటి బోసన్ చేతి కింద నడుస్తుంది. బోసన్‌ను, ఏబీలనే అనుభవం ఉన్న నావికులను గౌరవంగా చూడండి. మీరు కాబోయే అధికారి కావచ్చు, కానీ ఈరోజు మోకు ముడి వేయడం మీకు నేర్పగలిగింది వాళ్లే. భారతీయ సిబ్బంది ఉన్న ఓడల్లో డెక్ మీద మాటలు ఎక్కువగా హిందీలో సాగుతాయి. మన పిల్లల్లో చాలామందికి హిందీ అంతగా రాదు. తప్పులతోనైనా మాట్లాడండి, నెలలో అలవాటవుతుంది. చెప్పింది అర్థం కాకపోతే మాత్రం తల ఊపకండి. అర్థం కాలేదని మళ్లీ అడగండి.

డెక్ మీద: తుప్పు, రంగు, సౌండింగ్

మొదటి నెలల్లో ఎక్కువ భాగం తుప్పు కొట్టడం, రంగు వేయడం, గ్రీజు పెట్టడం, ఊడవడం. ఇదేం చదువని నిరుత్సాహపడకండి. తుప్పు కొట్టిన చోట ఏ పైపు ఉంది, అది ఏ ట్యాంకు నుంచి ఎటు పోతోంది, ఆ వాల్వు ఎందుకుంది అని అడుగుతూ పోతే, ఆరు నెలలకు ఓడ మొత్తం మీ తలలో బొమ్మ కడుతుంది. నేను వారానికి ఒక పైపులైను చొప్పున చేత్తో బొమ్మ గీసుకున్నాను. రెండేళ్ల తర్వాత మౌఖిక పరీక్షలో బ్యాలస్ట్ (ఓడ నిలకడ కోసం నింపే నీరు) లైను గీయమన్నప్పుడు ఆ బొమ్మే కాగితం మీదకు వచ్చింది.

ట్యాంకుల సౌండింగ్, అంటే లోపల ఎంత లోతు నీరుందో కొలవడం, క్యాడెట్ చేతికి త్వరగా వచ్చే బాధ్యత. టేపుకు నీటిని చూపే పేస్టు రాసి, పైపులోకి మెల్లగా దించి, అడుగు తగిలిందని చేతికి తెలిశాక తీసి చదవాలి. ఎంత లోతు వచ్చిందో అదే రాయండి. నిన్నటి అంకె చూసి, దానికి దగ్గరగా ఉండేలా వేయడం నేరంతో సమానం. సరుకు నింపే హోల్డ్‌లోకి నీరు చేరుతున్నట్టు మొదట తెలిసేది ఆ అంకె వల్లే. పని అయ్యాక సౌండింగ్ పైపు మూత బిగించారో లేదో వెనక్కి తిరిగి చూడండి. మూత వదిలేస్తే డెక్ మీదకు ఎక్కిన అల నేరుగా లోపలికి పోతుంది.

రేవులో డ్రాఫ్ట్, అంటే ఓడ నీటిలో ఎంత మునిగిందో, చదవడం ఇంకో మంచి పాఠం. ఓడ పక్కన రాసిన ఒక్కో అంకె ఎత్తు 10 సెంటీమీటర్లు, కొలత అంకె అడుగు నుంచి. 8.6 అంకె అడుగును నీరు తాకితే 8.60 మీటర్లు, అంకె సగం మునిగితే 8.65, పూర్తిగా మునిగితే 8.70. అల లేచిపడుతుంటే ఓపిగ్గా నిలబడి సగటు పట్టాలి. హుగ్లీ నదిలోని హల్దియా లాంటి రేవుల్లో నీరు సముద్రమంత ఉప్పగా ఉండదు, అందువల్ల అదే బరువుకు ఓడ కొంచెం ఎక్కువ మునుగుతుంది. ఆ కొంచెం ఎంతో మీరే లెక్కగట్టి, చీఫ్ ఆఫీసర్ లెక్కతో సరిపోయిందేమో చూసుకోండి. తప్పు వచ్చినా ఆయన సంతోషిస్తారే తప్ప విసుక్కోరు.

బొగ్గు దింపి, తర్వాత ధాన్యం ఎక్కించాల్సి వస్తే హోల్డులు కడగడం అసలైన కష్టం. ఆ రోజుల్లో ఒళ్లు నొప్పులు, ముక్కులో నల్లదుమ్ము. మాస్కు తీయకండి, ఎత్తు మీద పని చేసేటప్పుడు బెల్టు వదలకండి, నీళ్లు బాగా తాగండి.

ప్రాణం పోయే చోట్లు రెండు

ఇక్కడ కొంచెం ఆగి చదవండి. ఈ భాగం కోసమే మిగిలిందంతా రాశానన్నా తప్పులేదు.

ఒకటి, మూరింగ్. ఓడను రేవుకు కట్టే మోకు మీద టన్నుల కొద్దీ లాగుడు ఉంటుంది. అది తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది, అడ్డు వచ్చిన మనిషి బతకడం కష్టం. ఫలానా గీత లోపలే ప్రమాదమని అనుకోవద్దు. మోకు బిగిసి ఉన్నంతసేపూ ఆ డెక్ అంతా ప్రమాదమే. తాడు చుట్టలో కాలు పెట్టకండి, బిగిసిన మోకును దాటకండి, మోకును లాగే వించి దగ్గర వదులు బట్టలు, చేతులు జాగ్రత్త. నా రెండో మూరింగ్‌లో నా ఎడమ కాలు ఒక చుట్టలో ఉందని నేను చూసుకోలేదు. వెనక నుంచి బోసన్ కాలరు పట్టి లాగేశాడు. మరుక్షణమే ఆ చుట్ట బిగుసుకుని మోకు బయటికి పోయే ఫెయిర్‌లీడ్ వైపు జారిపోయింది. ఆయన నన్ను తిట్టలేదు. చేతులు వణుకుతుండగా నా మొహంలోకి అలా చూస్తుండిపోయాడు, అంతే.

రెండోది, మూసి ఉన్న చోట్లు: బ్యాలస్ట్ ట్యాంకులు, కార్గో హోల్డుకు దిగే మెట్ల గదులు, లంగరు గొలుసు గది. మామూలు గాలిలో ప్రాణవాయువు 20.9 శాతం. మూసిన ట్యాంకులో తుప్పు దాన్ని తినేస్తుంది. బొగ్గు, కలప దుంగలు, కొన్ని రకాల ఖనిజాలు కూడా తినేస్తాయి. రంగు, వాసన ఏమీ తేడా ఉండదు. రెండు శ్వాసల్లో మనిషి కూలిపోతాడు. గాలి ఆడించి, మీటరుతో పైన, మధ్యలో, కింద కొలిచి, అనుమతి పత్రం మీద సంతకాలు అయ్యాకే, బయట ఒక మనిషిని నిలబెట్టి దిగాలి. ఎవరు చెప్పినా సరే, పత్రం లేకుండా దిగకండి. ‘ఒక్క నిమిషమే, పానా తెచ్చేయ్’ అన్నా దిగకండి. లోపల స్నేహితుడు పడిపోయి కనిపిస్తే దిగాలనిపిస్తుంది. ఈ ప్రమాదాల్లో చనిపోయినవాళ్లలో అలా కాపాడబోయి దిగినవాళ్లు ఎంతోమంది. అలారం మోగించండి, గాలి సిలిండరు ఉన్న బృందం వచ్చేదాకా ఆ మూత దగ్గరే నిలబడి మరొకరు దిగకుండా ఆపండి. మీ వల్ల అయ్యే సహాయం అదే.

బ్రిడ్జి మీద

అధికారి కావాలంటే శిక్షణలో కనీసం ఆరు నెలలు బ్రిడ్జి (ఓడను నడిపే పై గది) కాపలా చేసి ఉండాలని నావికుల శిక్షణకు సంబంధించిన అంతర్జాతీయ ఒడంబడిక ఎస్టీసీడబ్ల్యూ నిబంధన. కంపెనీలు దీన్ని ఎక్కువగా ఆఖరి నెలల్లో పెడతాయి. అంతదాకా ఆగకండి. పని ముగిశాక అనుమతి అడిగి, వారానికి రెండుసార్లైనా గంటసేపు పైకి వెళ్లండి. నాలుగు నుంచి ఎనిమిది కాపలా సాధారణంగా చీఫ్ ఆఫీసర్‌ది, ఎనిమిది నుంచి పన్నెండు మూడో అధికారిది, పన్నెండు నుంచి నాలుగు రెండో అధికారిది. నక్షత్రాలు, క్షితిజం రెండూ ఒకేసారి కనిపించేది ఉదయం, సాయంత్రం మసక వెలుతురులోనే కాబట్టి, వాటి ఎత్తు కొలిచే సెక్స్‌టెంట్ నేర్చుకోవాలంటే నాలుగు-ఎనిమిదే మంచి సమయం.

ముందుగా 1972 నాటి సముద్ర మార్గ నియమాలను కంఠస్థం చేయండి. పద్యాలు అప్పజెప్పినట్టు మాట పొల్లుపోకుండా రావాలి, ఎందుకంటే పరీక్షాధికారి మాట మాటకూ ఆపుతారు. రోజుకు ఒక నియమం చాలు. కానీ అప్పజెప్పడం దగ్గర ఆగిపోవద్దు. కిటికీలోంచి ఒక ఓడను చూసి, ఇది ఎదురుగా వస్తోందా, అడ్డంగా వస్తోందా, వెనక నుంచి దాటుతోందా, తప్పుకోవాల్సింది మనమా వాళ్లా అని మీకు మీరే తేల్చుకుని, తర్వాత అధికారిని అడగండి. దిక్సూచిలో ఎదుటి ఓడ దిశ మారకుండా దూరం తగ్గుతోందంటే ఢీకొనే ప్రమాదం ఉన్నట్టే. రాడార్ చెప్పేదాకా ఆగకుండా కంటితో ఇది పట్టగలగాలి.

చుక్కాని పట్టేటప్పుడు విన్న ఆజ్ఞను గట్టిగా తిరిగి చెప్పండి, చక్రం తిప్పండి, సూచిక అక్కడికి చేరాక మళ్లీ చెప్పండి. విశాఖ లోపలి రేవుకు డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కగా వెళ్లే కాలువ ఇరుకు. అలాంటి చోట ఓడకు రేవులోకి దారి చూపే పైలట్ ‘పోర్ట్ టెన్’ (ఎడమకు పది డిగ్రీలు) అంటే మీరు తికమకపడి స్టార్‌బోర్డ్ (కుడికి) తిప్పడానికి వీల్లేదు. నడిసముద్రంలో గంటల కొద్దీ సాధన చేశాకే ఆ చోటుకు చేరతారు. రోజూ మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కొలిచి అక్షాంశం కట్టండి, జీపీఎస్‌తో పోల్చండి. మొదట్లో నాకు పది మైళ్ల తేడా వచ్చేది. రెండు నెలలకు రెండు మైళ్లలోపు వచ్చిన రోజు రాత్రి ఆనందంతో నిద్ర పట్టలేదు.

పైలట్ నిచ్చెన కట్టడంలో కూడా చేయి వేయండి. పైలట్ నిచ్చెన మీద ఎక్కాల్సిన ఎత్తు 9 మీటర్లకు మించకూడదు. ఓడ డెక్ నీటి నుంచి అంతకన్నా ఎత్తులో ఉంటే పక్క మెట్లతో కలిపి కట్టాలి. మెట్లు సమాంతరంగా ఉన్నాయా, దీపం ఉన్న లైఫ్‌బాయ్ పక్కనే ఉందా చూడండి. ఆ తాళ్లను నమ్మి ఎక్కేది ఒక ఇంటి పెద్ద.

నిద్ర, తిండి, మనసు

ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి మీ హక్కు. ఆ పది గంటలను రెండు భాగాలకు మించి ముక్కలు చేయకూడదు, అందులో ఒకటైనా ఆరు గంటలు ఉండాలి. విశ్రాంతి పట్టికలో నిజం రాయండి. తేడా వస్తే చీఫ్ ఆఫీసర్‌కు మర్యాదగా చెప్పండి.

సముద్రపు వాంతులు చాలామందికి రెండు మూడు రోజుల్లో తగ్గుతాయి. ఖాళీ కడుపుతో ఉండకండి. పొడి బిస్కెట్లు, అల్లం ముక్క, కొంచెం కొంచెంగా నీళ్లు. గదిలో ముడుచుకుని పడుకోకుండా బయటికి వచ్చి క్షితిజం చూడండి.

ఇప్పుడు చాలా ఓడల్లో ఇంటర్నెట్ ఉంది. అది వరమే, కానీ అందరూ తలుపులు వేసుకుని ఫోనుల్లో ఉంటే ఓడ ఒంటరి లోకమైపోతుంది. భోజనానికి మెస్ గదిలోనే కూర్చోండి. ఇంటికి వారానికి ఎప్పుడు ఫోను చేస్తారో ముందే చెప్పి ఉంచండి. వాతావరణం బాగాలేక ఒకరోజు కుదరకపోతే అమ్మానాన్నలు కంగారుపడకుండా ఉంటారు.

కష్టమైన పని చేయించడం వేరు, అవమానించడం, చేయి చేసుకోవడం, అసభ్యంగా ప్రవర్తించడం వేరు. రెండోదాన్ని శిక్షణ పేరుతో ఎవరూ సమర్థించలేరు. అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఇది ఒకటే మాట. తేదీ, సమయం, చూసినవాళ్ల పేర్లతో రాసిపెట్టుకోండి. ప్రతి ఓడలో ఫిర్యాదు పద్ధతి రాతపూర్వకంగా ఉండి తీరాలి. ఫిర్యాదు చేయాల్సిన మనిషే తప్పు చేసినవాడైతే నేరుగా కంపెనీకి, డీజీ షిప్పింగ్‌కు రాయవచ్చు. సీఫేరర్‌హెల్ప్ అనే ఉచిత సేవ నావికుల కోసం రోజంతా పనిచేస్తుంది. దాని నంబరు ఎక్కకముందే ఫోనులో పెట్టుకోండి.

రికార్డు బుక్కు, దిగే రోజు

శిక్షణ రికార్డు బుక్కును నెలాఖరుకు తోసేయకండి. ఆ పని చేసిన రోజే రాసి, చేయించిన అధికారి దిగిపోకముందే సంతకం తీసుకోండి. మూడు నెలల నాటి పనికి కొత్తగా వచ్చిన అధికారి సంతకం చేయరు, చేయకూడదు కూడా. చేయని పనికి టిక్కు పెట్టించుకున్న ప్రతి చోటా, రేపు మీరు ఒంటరిగా కాపలా ఉన్నప్పుడు ఒక ఖాళీ ఉంటుంది.

దిగేముందు రోజు వీడ్కోలు హడావుడిలో పడకుండా గంటసేపు కూర్చోండి. సీడీసీలో ఎక్కిన తేదీ, దిగిన తేదీ, ఓడ పేరు సరిగ్గా పడ్డాయా? సముద్ర సేవ ధ్రువపత్రంలో బ్రిడ్జి కాపలా నెలలు విడిగా రాశారా? రికార్డు బుక్కులో ప్రతి నెలా కెప్టెన్ సంతకం, ఓడ ముద్ర ఉన్నాయా? మొత్తం రోజులు మీరే లెక్కపెట్టండి. పదకొండు రోజులు తగ్గి, అధికారి కావడానికి రాసే సెకండ్ మేట్ పరీక్షకు కూర్చోలేక మళ్లీ ఓడ కోసం నెలలు ఎదురుచూసిన మిత్రుడు నాకున్నాడు. అన్నీ సరిపోయాక ప్రతి పేజీని ఫోటో తీసి ఇంటికి పంపండి. ఆ తర్వాత బోసన్ గదికి వెళ్లి చెప్పి, గ్యాంగ్‌వే రెయిలింగు మీద ఒక చెయ్యి ఉంచి దిగండి.